న్యూ ఆర్లీన్స్ అర డాలర్లు ఏయూ58లో: ప్రాజెక్టు డైరీ

జనవరి

ఈ ఏడాదికి పెట్టుకున్న పని ఇది: అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ టంకశాలలో తయారైన బార్బర్ అర డాలర్లు (చార్ల్స్ బార్బర్ డిజైన్ చేసిన, లిబర్టీ తల బొమ్మ ఉన్న వెండి నాణేలు), 1892 నుంచి 1909 దాకా ఏడాదికొకటి చొప్పున 18, అన్నీ ఏయూ58 స్థితిలో, అంటే దాదాపు వాడనట్టే ఉన్నవి. అన్ని టంకశాలలూ కలిపితే బార్బర్ అర డాలర్ల సెట్ 73 నాణేలకు పోతుంది, దాని జోలికి ఇప్పుడు వెళ్లను. 18 అంటే చిన్న లెక్కే అనిపిస్తుంది కానీ వీటిలో కొన్ని తేదీలు, అంటే కొన్ని ఏడాదుల నాణేలు, డబ్బు చేతిలో పట్టుకుని కూర్చున్నా నెలల తరబడి కనిపించవు. ఇంకో కారణం కూడా ఉంది. 58కీ 60కీ మధ్య ఉన్న గీత కాలంతోపాటు జరిగిందని అందరూ అంటారు, ఆ జరగడాన్ని గ్రేడింగ్ కంపెనీలు వేసే లేబుళ్ల మీద కాకుండా నాణేల మీదే చూడాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

కొత్తవాళ్ల కోసం కాస్త నేపథ్యం. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన తొలినాటి అమెరికన్ పెద్ద సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలమానం తయారు చేశాడు. అందులో అంకె అంటే దాదాపు ధరే, బాగా అరిగిపోయిన నాణెం ఒక డాలర్ చేస్తే 70 గ్రేడుది డెబ్బై డాలర్లు చేయాలన్న లెక్క. ఆ ధరల లెక్క ఎప్పుడో చెల్లకుండా పోయింది, అంకెలు మాత్రం ఉండిపోయాయి. ఇప్పుడు 60, ఆ పైనవన్నీ మింట్ స్టేట్ (ఎంఎస్), అంటే వాడకంలోకి వెళ్లనివి. 50, 53, 55, 58 నాలుగూ ఏయూ, వాడకంలోకి వెళ్లీ వెళ్లనట్టు ఉన్నవి. 58 అంటే బొమ్మలో అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే కాస్త రాపిడి, మిగతాదంతా టంకశాల నుంచి వచ్చిన మెరుపే.

ఎంఎస్60, 61 నాణేలకి రాపిడి ఉండదు, సరే. కానీ టంకశాల సంచుల్లో ఒకదాన్నొకటి కొట్టుకుని చెంప మీద, ఖాళీ భాగాల్లో గాట్లు పడి ఉంటాయి. మంచి 58కి గాట్లు తక్కువ, ఎవరో ఒకటి రెండు చేతులు మారాక తీసి పక్కన పెట్టేసిన నాణెం అది. రెండూ పక్కపక్కన పెట్టి, లేబుళ్లు కప్పేసి ఏది కావాలని అడిగితే చాలామంది 58నే తీసుకుంటారని నా నమ్మకం. అయినా చాలా తేదీల్లో 58 ధర 60 కంటే తక్కువే రాసి ఉంటుంది.

ఫిబ్రవరి

కొనడం మొదలుపెట్టే ముందు చూసే పద్ధతి కుదుర్చుకున్నాను. గదిలో ట్యూబ్‌లైట్ ఆపేసి ఒకే ఒక్క బల్బు దీపం, దానికి పైన డొప్ప, 5 రెట్లు చూపించే లూప్. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. నాలుగు వైపుల నుంచీ పరుచుకునే ఎల్‌ఈడీ వెలుగులో ప్రతి నాణెమూ బాగానే కనిపిస్తుంది, అదే చిక్కు. వెలుగు ఒకే చోటు నుంచి రావాలి, దీపం కదలకూడదు, నాణేన్నే వంచి మెల్లగా తిప్పాలి.

నాణేన్ని అచ్చుల మధ్య పెట్టి కొట్టినప్పుడు వెండి మధ్య నుంచి అంచు వైపు ప్రవహిస్తుంది, ఆ ప్రవాహం అచ్చు మీద కంటికి కనిపించని సన్నటి చారలు తెస్తుంది, అవే నాణెం మీదా పడతాయి. లస్టర్ అంటే ఆ చారలే. నాణేన్ని తిప్పుతుంటే వెలుగు చక్రంలా తిరగడానికి కారణం అదే. రాపిడి జరిగిన చోట ఆ చారలు అణగిపోతాయి, వెలుగు తిరుగుతూ తిరుగుతూ అక్కడికి వచ్చేసరికి ఆగిపోతుంది. నాణెం మొత్తం మెరుస్తుంటే చెంప ఎముక మీద మాత్రం వేలి గోరంత చోట బూడిద రంగు మచ్చ కనిపిస్తుంది, ద్రాక్షపండు మీది తెల్లటి పొరని వేలితో తుడిచినట్టు. ఇంకొంచెం వంచితే ఆ మచ్చ మాయమైనట్టు అనిపిస్తుంది, ఫొటోల్లో సరిగ్గా ఆ కోణమే వాడతారు.

ప్రతి నాణేనికీ ఒక షీట్ రాస్తున్నాను. బొమ్మ వైపు: చెంప, నుదుటి పైన ఆకుల కొనలు, లిబర్టీ అని రాసిన పట్టీ. బొరుసు వైపు: గద్ద తల, మెడ, రెక్కల కొనలు, తోక. ఒక్కో చోటికి మూడే మాటలు: మెరుపు ఉంది, తెగింది, లేదు. తర్వాత ఖాళీ భాగాలు, ఆ తర్వాత రంగు. లేబుల్ మీద ఏముందో షీట్‌లో అన్నిటికంటే కింద రాస్తాను, పైన రాస్తే కన్ను దాన్నే వెతుకుతుంది.

రాపిడిలోనూ రకాలున్నాయి, వాటికి వేరే గడి పెట్టాను. పాత చెక్క బీరువా సొరుగుల్లో నాణెం అటూ ఇటూ జరిగినప్పుడు పడేది ఒకటి, కాగితం చుట్టలో పక్క నాణేలకి ఒరుసుకుంటే పడేది ఇంకొకటి. పాత ఆల్బమ్‌ల ప్లాస్టిక్ పట్టీ లాగినప్పుడల్లా చెంప మీద గీసుకుపోయేది మరొకటి, ఇది లూప్‌లో ఒకదాని పక్కన ఒకటిగా ఒకే దిక్కుకి పోయే సన్నటి గీతల్లా దొరికిపోతుంది. వీటిలో కొన్ని నాణేలు ఎన్నడూ ఎవరి జేబులోకీ వెళ్లలేదు, అయినా మెరుపు తెగింది. వీటిని 58 అనాలా, 62 అనాలా? గ్రేడింగ్ తగాదాలన్నీ ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతాయి.

మార్చి

ఈ నెలంతా వెతకడమే. 1907-ఓ, 1908-ఓ (ఓ అంటే న్యూ ఆర్లీన్స్ టంకశాల గుర్తు) వెంటనే దొరికాయి, ఊహించినదే, 1908లో న్యూ ఆర్లీన్స్ 53 లక్షలకు పైగా కొట్టింది. వెనక్కి వెళ్లేకొద్దీ ఎండిపోతోంది. 1896, 1897, 1898, 1904... ఈ తేదీల్లో మూలకి పడేసినట్టు అరిగిన నాణేలు కావలసినన్ని, లిబర్టీ పట్టీలో ఒక్క అక్షరం కూడా మిగలనివి. మధ్యలో ఉండాల్సినవి లేవు.

ఎందుకు లేవో ఆలోచిస్తే అర్థమవుతుంది. ఏయూ నాణెం పుట్టాలంటే వాడకంలోకి వెళ్లి, కొద్ది కాలంలోనే ఎవరో తీసి దాచాలి. 1890ల్లో అర డాలర్ అంటే చిన్న డబ్బు కాదు, కూలి డబ్బుగా వచ్చి వారంలోపే ఖర్చయిపోయేది. దాచుకునే స్తోమత ఉన్నవాళ్లు తక్కువ, చార్ల్స్ బార్బర్ డిజైన్ మీద అప్పటి సేకర్తలకి పెద్ద మోజు కూడా లేదు. అందుకని ఈ నాణేలు రెండే దారుల్లో పోయాయి. కొన్ని మొదటి రోజే పక్కకి వెళ్లి మింట్ స్టేట్‌గా మిగిలాయి, మిగతావి దశాబ్దాల పాటు తిరిగి నున్నగా అరిగాయి.

వేరే సిరీస్‌లతో పోలిస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 1807 నుంచి 1836 దాకా వచ్చిన క్యాప్డ్ బస్ట్ అర డాలర్లలో ఏయూలు బార్బర్ల కంటే చాలా సులభంగా దొరుకుతాయి, ఎందుకంటే 1804 తర్వాత వెండి డాలర్ల తయారీ ఆగిపోవడంతో బ్యాంకులు ఈ అర డాలర్లనే నిల్వగా సంచుల్లో పెట్టుకుని ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి పంపుకునేవి. చేతులు మారడం తక్కువ, సంచులు మారడం ఎక్కువ. మోర్గన్ డాలర్లనే వెండి డాలర్లది ఇంకో కథ. 1960ల మొదట్లో ట్రెజరీ ఖజానా నుంచి సంచులకి సంచులు బయటికి వచ్చాయి కాబట్టి చాలా తేదీల్లో మింట్ స్టేట్ నాణేలే కుప్పలు, అక్కడ 58ని పట్టించుకునేవాళ్లు తక్కువ. బార్బర్లకి బ్యాంకు నిల్వలూ లేవు, ఖజానా సంచులూ లేవు.

ఎన్ని కొట్టారన్న లెక్క చూసి అరుదుతనం అంచనా వేయకూడదని ఈ సిరీస్ బాగా నేర్పుతుంది. 1914లో ఫిలడెల్ఫియా కొట్టిన అర డాలర్లు 1.25 లక్షల లోపు, శాన్ ఫ్రాన్సిస్కో కొట్టిన 1904-ఎస్ అయిదున్నర లక్షలకు పైనే. అయినా పై గ్రేడుల్లో 1904-ఎస్ కోసమే ఎక్కువ కష్టపడాలి.

ఏప్రిల్

చరిత్ర వల్ల వచ్చిన కొరత అది. ఇంకో కొరత ఉంది, అది మనుషులు తెచ్చింది, ఈ నెల దాని మీదే కూర్చున్నాను.

1977లో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ తన గ్రేడింగ్ ప్రమాణాలు అచ్చు వేసినప్పుడు వాడని నాణేలకి 60, 65, 70 మెట్లే ఉన్నాయి. గ్రేడింగ్ కంపెనీలైన పీసీజీఎస్ 1986లో, 1987లో ఎన్‌జీసీ నాణేల్ని గ్రేడ్ చేసి ప్లాస్టిక్ స్లాబుల్లో మూయడం మొదలుపెట్టాయి, 60 నుంచి 70 దాకా ప్రతి అంకె వాడకంలోకి వచ్చింది. 2010లో ఒకే అంకెలో మెరుగైనవాటికి ప్లస్ గ్రేడ్లు కూడా వచ్చాయి. మెట్లు పెరిగేకొద్దీ ఒక్కో మెట్టుకి ధర కట్టారు, ధర ఎక్కడ ఒక్కసారిగా ఎగురుతుందో అక్కడ ఒత్తిడి పెరిగింది.

దీనికి 1892-ఎస్ మోర్గన్ కంటే మంచి ఉదాహరణ లేదు. 12 లక్షలు కొట్టారు, అరిగినవి ఎవరైనా కొనుక్కోవచ్చు, మింట్ స్టేట్ మాత్రం మహా అరుదు. అందుకని 58కీ 60ల్లోకి దాటిన నాణేనికీ మధ్య ధర ఎన్నో రెట్లు మారిపోతుంది, మధ్యలో ఉన్నదల్లా చెంప మీద, చెవి పైన జుట్టు మీద తెగిన ఆ కాస్త మెరుపు. అంత డబ్బు అంత చిన్న చోట ఉన్నప్పుడు జనం ఊరుకోరు కదా. స్లాబ్ పగలగొడతారు, మళ్లీ పంపుతారు, అదే 58 వస్తే ఇంకోసారి పగలగొడతారు.

ఇక్కడ గమనించాల్సింది, ఈ ప్రయాణం ఒకవైపే సాగుతుంది. తక్కువ గ్రేడ్ పడిందనిపించిన నాణేన్నే ఎవరైనా పగలగొట్టి మళ్లీ పంపుతారు, ఎక్కువ పడినదాన్ని దాని యజమాని ఎందుకు కదిలిస్తాడు? గ్రేడర్లు ఏళ్ల తరబడి అదే చేతితో గ్రేడ్ చేశారనే అనుకుందాం, ఏ కంపెనీ ప్రమాణమూ వెంట్రుకవాసి జరగలేదనే అనుకుందాం, అయినా తీర్పులో సహజంగా ఉండే చిన్న ఊగిసలాట చాలు, మంచి 58లు ఒక్కొక్కటే పైకి వెళ్లిపోతాయి. దానికి తోడు ప్రమాణమూ జరిగింది. రాపిడి ఉంటే 60 లోపే అన్నది పాత పద్ధతి. ఇప్పుడు ఎక్కువగా నడిచేది మార్కెట్ గ్రేడింగ్, నాణెం ఏ ధరకి అమ్ముడుపోతుందో ఆ మెట్టు మీద పెట్టడం, అందులో కాస్త రాపిడి ఉన్నా చూడముచ్చటగా ఉన్న నాణెం 61, 62 స్లాబుల్లో కూర్చుంటుంది. షెల్డన్ ధరకి కట్టిన అంకెలు చుట్టూ తిరిగి మళ్లీ ధర దగ్గరికే వచ్చాయి.

పాప్ రిపోర్టు, అంటే ఏ గ్రేడ్ ఎన్నిసార్లు ఇచ్చారో గ్రేడింగ్ కంపెనీ వేసే పట్టిక, చూసి ఒక తేదీలో ఇన్ని 58లు ఉన్నాయని సంబరపడేవాళ్లకి ఒక మాట. అందులో లెక్కపెట్టేది గ్రేడ్ చేసిన సార్లని, నాణేలని కాదు. పగలగొట్టినవాళ్లు పాత లేబుల్ తిరిగి పంపకపోతే ఒకే నాణెం రెండు మూడు చోట్ల బతుకుతూనే ఉంటుంది. నా 18 తేదీల అంకెలు రాసుకున్నాను కానీ వాటిని పైకప్పుగానే చూస్తున్నాను, అసలు ఉన్నవి అంతకంటే తక్కువే.

జూన్

ఎదురుచూసిన పని ఈ నెలలో కుదిరింది. నాకంటే చాలా ముందు నుంచి బార్బర్లు సేకరిస్తున్న ఒక పెద్దాయన తన దగ్గరున్న మూడు 1899-ఓ నాణేలు చూడనిచ్చారు. ఒకటి 1990ల నాటి పచ్చ లేబుల్ పాత స్లాబ్‌లో ఏయూ58, ఒకటి కొత్త స్లాబ్‌లో ఏయూ58, మూడోది కొత్త స్లాబ్‌లో ఎంఎస్62.

"ముందు లేబుళ్ల మీద కాగితం అతికించండి, ఆ తర్వాతే దీపం వేయండి" అన్నారు. అలాగే చేశాను.

మూడింట్లో ఒకదానికి చెంప మీద మెరుపు తెగింది, ఆకుల కొనల మీద కూడా, ఖాళీ భాగాల్లో చక్రం పూర్తిగా తిరుగుతోంది. ఇంకోదానికి చెంప మీద అదే మచ్చ, అంతే పరిమాణం, గద్ద తల మీద కాస్త తక్కువ. ఆ రెంటినీ చాలాసేపు మార్చి మార్చి చూశాను, షీట్ల మీద దాదాపు ఒకటే రాత వచ్చింది. మూడోదానికి చెంప, పట్టీ, ఆకులు, ఖాళీ భాగంలో ముక్కు ముందు ప్రాంతం, అన్ని చోట్లా మెరుపు తెగింది. నా లెక్కలో అది 55, పెద్దమనసు చేసుకుంటే.

కాగితాలు తీశాం. ఒకేలా ఉన్న రెండూ పాత 58, కొత్త 62. మూడోది కొత్త 58.

"ఇది నిన్నటిది కాదండీ. నేను చూస్తుండగానే మంచివన్నీ ఒక్కొక్కటే పైకి పోయాయి. ఖాళీ అయిన చోటికి కిందవి వచ్చి కూర్చున్నాయి" అన్నారాయన. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది, నాకూ అదే. మూడు నాణేలతో ప్రపంచమంతటికీ తీర్పు చెప్పలేం, అది ఒప్పుకుంటాను. కానీ ఈ మూడూ ఒకే తేదీ, ఒకే టంకశాల, ఒకే దీపం కింద, కాబట్టి నా షీట్లలో ఇంతకంటే బలమైన పేజీ లేదు.

జూలై

న్యూ ఆర్లీన్స్‌ని ఎంచుకున్నందుకు అసలు పరీక్ష ఇది. ఈ టంకశాల నాణేలు చాలావాటికి ముద్ర సరిగ్గా పడలేదు. బొరుసు వైపు డాలు కుడి పై మూల, దాన్ని ఆనుకున్న రెక్క, అక్కడ ఈకల వివరం రాకుండా చదునుగా ఉంటుంది. ఫొటోలో చూస్తే అరిగిపోయిందనే అనుకుంటారు.

తేడా కనుక్కోవడానికి వెలుగే దారి. ముద్ర పడని చోట వివరం లేకపోయినా మెరుపు ఉంటుంది, లూప్‌లో చూస్తే కొట్టకముందు బిళ్ల మీద ఉన్న గరుకుతనం, చిన్న చిన్న గీతలు అలాగే మిగిలి ఉంటాయి. అరిగిన చోట నున్నగా, రంగు మారి, చుట్టుపక్కల కంటే మందంగా కనిపిస్తుంది. ఇంకో ఉపాయం, ఎత్తైన చోట్లని ఒకదానితో ఒకటి సరిచూడటం. రెక్క చదునుగా ఉండి గద్ద తల, తోక పదునుగా మెరుస్తుంటే అది ముద్ర లోపం. అన్నీ సమానంగా మందగించి ఉంటే అరుగుదల.

దీనివల్ల నాకు ఒక మేలు జరిగింది. 1904-ఓ ఒకటి ఏయూ53 స్లాబ్‌లో చాలాకాలంగా ఎవరూ కొనకుండా ఉంది, రెక్క పూర్తిగా చదును. చేతికి వచ్చాక దీపం కింద పెడితే ఆ చదును మీద మెరుపు ఆగకుండా తిరిగింది, చెంప మీద మాత్రమే తెగింది. షీట్ మీద అది 58. కొన్నాను. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు అత్యంత ఇష్టమైన నాణెం ఇదే.

ఆగస్టు

పాత స్లాబ్ అంటే కళ్లు మూసుకుని కొనవచ్చు అనే మాట బాగా నడుస్తోంది, దానితో నేను ఏకీభవించను. 1980లు, 90ల్లో తేలికపాటి శుభ్రం చేయడాన్ని చూసీ చూడనట్టు వదిలేసిన సందర్భాలు ఉన్నాయి, ఇప్పుడైతే అవే నాణేలకి అంకె ఇవ్వకుండా డీటెయిల్స్ అని రాసి పంపుతారు. అంటే ప్రమాణం ఒకవైపు వదులైంది, ఇంకోవైపు బిగిసింది. పైగా పాత స్లాబుల్లో బాగున్నవాటిని ఇన్ని దశాబ్దాలుగా ఏరి పగలగొట్టారు, మిగిలినవాటిలో ఎవరూ పగలగొట్టాలని అనుకోనివి చాలా ఉంటాయి.

ఏయూ నాణేలకి ఈ శుభ్రం చేయడం పెద్ద శాపం. 58ని 62లా కనిపించేలా చేయాలని ద్రావకంలో ముంచుతారు. ఒక్కో ముంపుకీ పైపొర కరుగుతుంది, ఆ పైపొరలోనే కదా ప్రవాహ చారలు ఉన్నది. రెండు మూడు సార్లు ముంచిన నాణెం తెల్లగా ఉంటుంది కానీ దీపం కింద వెలుగు తిరగదు, నిలబడిపోతుంది. వందేళ్లు దాటిన వెండి మీద సహజంగా వచ్చిన బూడిద, గోధుమ రంగు ఛాయ ఉన్న 58లు ఎంత తక్కువో ఈ నెల వెతుకులాటలో తెలిసొచ్చింది. ముంచినవి పక్కన పెట్టేస్తున్నాను, తేదీ ఎంత అరుదైనదైనా సరే.

2007లో జాన్ అల్బనీస్ మొదలుపెట్టిన సీఏసీ ఇలాంటి అయోమయానికి ఒక జవాబు. పీసీజీఎస్, ఎన్‌జీసీ స్లాబుల్లోని నాణేల్ని మళ్లీ చూసి, ఆ గ్రేడ్‌కి గట్టిగా నిలిచేవాటికి పచ్చ స్టిక్కర్, గ్రేడ్ తక్కువ పడిందనిపించినవాటికి బంగారు రంగు స్టిక్కర్ అతికిస్తారు. 2023 నుంచి వాళ్లే సొంతంగా గ్రేడింగ్ కూడా చేస్తున్నారు. స్టిక్కర్ ఉన్న 58లు చూసినంతలో నా షీట్లతో బాగా కలుస్తున్నాయి. కాకపోతే నాకు కావలసిన తేదీల్లో అలాంటివి కనిపించడమే గొప్ప.

సెప్టెంబరు

ఇప్పటికి సగం గళ్లు నిండాయి. ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది, తీసుకున్నాను.

పీసీజీఎస్ రిజిస్ట్రీలో, అంటే సేకర్తలు తమ సెట్లు నమోదు చేసి పోటీ పడే జాబితాలో, ఎవ్రీమ్యాన్ సెట్లని ఉన్నాయి, వాటిలో 58 దాటిన నాణెం పెట్టడానికి వీల్లేదు. మంచి ఆలోచన, పెద్ద డబ్బు లేనివాళ్లు కూడా పోటీలో నిలబడతారు, 58కి గౌరవం తెచ్చింది కూడా అదే. గిరాకీ పెరగడానికి అది కూడా ఒక కారణం. కానీ జూన్‌లో చూసినదాని తర్వాత నా సెట్‌ని దానికి కట్టేయలేను. నా షీట్ మీద 58గా తేలిన నాణెం ఎంఎస్61, 62 స్లాబ్‌లో ఉన్నా తీసుకుంటాను, జూలైలో కొన్న 1904-ఓలా 53 స్లాబ్‌లో ఉన్నా తీసుకుంటాను. రిజిస్ట్రీలో చోటు పోతే పోయింది. మింట్ స్టేట్ ధర పెట్టి 58 కొంటున్నావా అని అడిగితే, అవును, కొన్ని తేదీలకి ఇంకో దారి లేదు, మంచి 58లు ఇప్పుడు ఉన్నదే అక్కడ.

ఆ స్లాబ్ పగలగొట్టి మళ్లీ పంపి, గ్రేడ్ దించి 58 వేయించుకోవచ్చు కదా అని కూడా అడిగారు. చేయను. స్లాబుల్ని అలాగే ఉంచుతాను, ప్రతిదాని పక్కన షీటూ, ఒకే దీపం, ఒకే కెమెరా సెట్టింగ్‌తో తీసిన ఫొటోలూ పెడతాను. ఏ లేబుల్ ఏ కాలంలో ఏ నాణేనికి పడిందో కూడా ఈ సెట్‌లో భాగమే.

1892-ఓలో మైక్రో ఓ రకం జోలికి పోవడం లేదు, పావు డాలర్‌కి వాడే చిన్న ఓ గుర్తుని పొరపాటున అర డాలర్ అచ్చు మీద కొట్టడం వల్ల వచ్చినది అది, దానికి వేరే బడ్జెట్ కావాలి. మామూలు 1892-ఓ చాలు. 1896-ఓ ఒకటి ఎంఎస్61 స్లాబ్‌లో చూడటానికి పంపుతానన్నారు. ఫొటోల్లో ఆకుల కొనల మీద ఛాయ కాస్త వేరుగా ఉంది, చెంప మీద వెలుగు పడే కోణంలో ఫొటో ఒక్కటీ లేదు. 1897-ఓ, 1898-ఓలకి ఇంకా ఆచూకీ లేదు. 1905-ఓకి రెండు అవకాశాలున్నాయి, ఒకటి ముంచినదని అనుమానం, రెండోది వచ్చే నెల మొదట్లో చేతికి వస్తుంది, షీట్ ఖాళీగా సిద్ధం చేసి పెట్టాను.